ఇంటిలో తీగ లేని మౌస్: సౌకర్యమా, బాధ్యతా?

కంప్యూటరు కార్యాలయముల గడప దాటి మన ఇండ్లలోనికి వచ్చి చాలా కాలమైనది. దానితోపాటు వచ్చిన చిన్న పరికరము మౌస్. నేడు దుకాణమునకు వెళ్ళిన విద్యార్థి తీగ లేని మౌస్ కావలెనని అడుగును. తండ్రి ధర చూచి "తీగ ఉన్నది చాలదా?" అని ప్రశ్నించును. ప్రశ్న చిన్నదే అయినను త్రోసిపుచ్చదగినది కాదు. పరిమితమైన ఆదాయముతో పిల్లలను చదివించు కుటుంబములో కొను ప్రతి వస్తువునకును కారణము చెప్పవలసి యుండును. మా అభిప్రాయమును ముందుగనే మనవి చేసెదము. విద్యార్థి ఇంట మౌస్ అవసరమే. తీగ ఉండవలెనా, వలదా అనునది ఆ ఇంటి వసతిని బట్టి తేల్చుకొనవలసిన విషయము. అయితే తీగను వదలుకొన్నవారు, ఆ తీగ ఇంతకాలము మోసిన బరువును తాము మోయుటకు సిద్ధపడవలెను.

1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ నిర్మించిన మొదటి మౌస్ ఒక కొయ్య దిమ్మె. అడుగున రెండు చక్రములు, పైన ఒక మీట, దానికొక తీగ. ఆ తీగ తోకవలె కనబడుటచేతనే ఎలుక పేరు వచ్చినదని చెప్పుదురు. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దానిని సభాముఖమున ప్రదర్శించెను. 1991లో లాజిటెక్ సంస్థ రేడియో తరంగములతో పనిచేయు మౌసును విపణిలోనికి తెచ్చినది. తోక పోయినది, పేరు నిలిచినది.

"చేతిలో సెల్‌ఫోన్ ఉండగా మౌస్ ఎందులకు?" అని అడుగువారు కలరు. ఫోనులో కన్ను చూచినచోటనే వ్రేలు తాకును. మౌసుతో పని అట్టిది కాదు. చేయి ఒకచోట కదలును, బాణపు గుర్తు వేరొకచోట తెరపై కదలును. ఈ రెండింటి పొందిక అభ్యాసము వలననే అలవడును. 2018 నాటికే రెండు తెలుగు రాష్ట్రములలోను ఎంసెట్ పరీక్ష కంప్యూటరు మీదికి మారినది. నేటి ఈఏపీసెట్‌లోను ఇంజనీరింగు అభ్యర్థి 180 నిమిషములలో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తింపవలెను. ఒక్కొక్క ప్రశ్నకు ఒక నిమిషమునకు కొంచెము మించి లభించు ఆ గదిలో, మౌసును మొదటిసారి పట్టుకొన్న విద్యార్థి తన తెలివికి కాక తన చేతికి మూల్యము చెల్లించును. అందువలన మౌస్ విలాసవస్తువు కాదని మా వాదము.

రెండు భాషలలో వ్రాయు మన విద్యార్థులకు మరియొక ప్రయోజనము కలదు. ఉర్దూ కుడినుండి ఎడమకు, తెలుగు ఎడమనుండి కుడికి నడచును. ఒకే పంక్తిలో రెండు భాషల పదములు కలిసినపుడు, కీబోర్డు మీది బాణపు మీటలు నొక్కిన గుర్తు అనుకొన్న దిక్కునకు పోక తికమక పెట్టుట కద్దు. అట్టి వేళ దిద్దవలసిన అక్షరము చెంతకు మౌసుతో నేరుగా చేరుట సులభతరము.

ఇక తీగ సంగతి. చదువుకొనుటకు వేరొక గది, వ్రాతబల్ల, కుర్చీ ఉన్న ఇంటిలో తీగ వలన కలుగు కష్టము స్వల్పము. కాని మన ఇండ్లలో చాల భాగము అట్టివి కావు. చాపమీదనో, తఖ్తుమీదనో, మంచముమీదనో చదువు సాగును. భోజనమువేళకు అంతయు సర్దివేయవలెను. అన్న లేచిన చోట చెల్లెలు కూర్చుండవలెను. అట్టిచోట తీగ కాళ్ళకు తగులుకొనును, లాగినకొద్ది ల్యాప్‌టాప్ కదలును. తీగ లేని మౌసునకు ఒక పరీక్ష అట్ట పరచిన చాలును. ఎడమచేతివాటము గల బిడ్డ దానిని ఏ అడ్డును లేక ఎడమ ప్రక్కకు మార్చుకొనగలడు. సెట్టింగులలో మీటల వరుసను కూడ మార్చుకొనవచ్చును. ఎడమచేతివాటమును తప్పుగా ఎంచి బిడ్డను గద్దించు పెద్దలు ఈ చిన్న వస్తువు చూపు ఓర్పునైనను చూపుదురు గాక. అయితే కుడిచేతికే మలచిన ఆకారము గల మౌసులును ఉన్నవి కనుక కొనునపుడే చూచుకొనవలెను.

తీగ చేసిన పనులు ఏవి? అది విద్యుత్తు నిచ్చెను. మౌసును తప్పిపోకుండ కట్టి ఉంచెను. సంకేతమును అడ్డులేక చేరవేసెను. ఇప్పుడీ మూడును మన పూచీ. గోడ గడియారములో వేయునట్టి చిన్న బ్యాటరీ దానికి ప్రాణము; అది దరఖాస్తు పూర్తిచేయు చివరి ఘడియలోనే అయిపోవచ్చును. పని ముగియగనే అడుగుననున్న మీటను ఆపుట, ఇంట మరియొక బ్యాటరీ ఉంచుట నేర్వవలెను. గోరంత రిసీవరు పోయినచో మౌస్ చాలవరకు నిరుపయోగము. వేరొక కంపెనీ రిసీవరు దానికి పనికిరాదు. దానిని దాచుటకు మౌసు కడుపులోనే అర ఉండునని ఎరుగనివారు అనేకులు. అది వాడు 2.4 గిగాహెర్ట్జు తరంగములనే ఇంటి వై-ఫై కూడ వాడుకొనును. రిసీవరు ప్రక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్కు పెట్టినపుడు బాణము తడబడుట కలదు. రిసీవరును వేరొక రంధ్రమునకు మార్చిన తరచుగా సరిపడును. గాజుపలక మీద సాధారణపు మౌస్ నడువదు. క్రింది తలమును క్షణక్షణము చిత్రించి పోల్చుకొను దాని చిన్న కంటికి గాజులో గుర్తులు దొరకవు.

భద్రత కూడ ఆలోచింపదగినదే. 2016లో పరిశోధకులు కొన్ని కంపెనీల తీగ లేని మౌసుల రిసీవర్లలో లోపమును బయటపెట్టి, కొంత దూరమునుండి అన్యుడు ఆ కంప్యూటరునకు మీటలు నొక్కినట్లే ఆజ్ఞలు పంపగలడని నిరూపించిరి. భయపడుమని మేము చెప్పుట లేదు; ఊరుపేరు లేని చౌక సరకును కొనుటకు ముందు ఆలోచింపుమని మాత్రమే చెప్పుచున్నాము.

తీగ ఉన్న మౌస్ వెనుకబాటునకు గుర్తు అని తలచుట మాత్రము తగదు. బల్ల ఉన్న ఇంటికి అదియే మేలు: ధర తక్కువ, బ్యాటరీ ఖర్చు లేదు, పోవునది లేదు. స్నేహితుని చేతిలో చూచిన వస్తువు మన చేతిలో లేకపోవుట లోపము కాదు. ఇక మౌస్ ఏదైనను మంచముపై వాలి, మణికట్టు వంచి గంటల తరబడి వాడిన చేయి నొప్పి పెట్టును. తీగ పోయినంత మాత్రమున ఎముకలకు విశ్రాంతి కలుగదు. ముంజేతికి ఆధారమిచ్చి, నడుమనడుమ లేచి తిరుగుట ఉభయత్ర అవసరమే.

కళాశాల కమిటీవారికి రెండు విన్నపములు. ఇంట ఫోను తప్ప మరేమియు లేని విద్యార్థినీ విద్యార్థులు మనలో ఉన్నారు. తరగతుల అనంతరము ఒక గంటసేపు కంప్యూటరు గదిని తెరచి, ప్రవేశ పరీక్షలకు ముందు వారికి మౌసుతో అభ్యాసము చేయు వీలు కల్పింపవలెను. రెండవది, వాడిన బ్యాటరీలు వేయుటకు ఒక పెట్టెను ఏర్పాటుచేసి, వాటిని తీసికొను సంస్థకు అప్పగింపవలెను. వాడిన బ్యాటరీలను ఇంటి చెత్తలో కలుపరాదని 2022 నాటి వ్యర్థ బ్యాటరీల నిర్వహణ నిబంధనలు చెప్పుచున్నవి. వేరుచేసి వేయుటకు చోటు చూపనిదే విద్యార్థి ఏమి చేయగలడు?

సౌకర్యము కోరుట తప్పు కాదు. దాని వెల దుకాణములో చెల్లించినంతటితో తీరదని ఎరిగి కోరుట వివేకము. విద్యార్థి ఆ వివేకమును చూపిన నాడు, "తీగ ఉన్నది చాలదా?" అని అడిగిన తండ్రికి తృప్తికరమైన జవాబు లభించును.