పాటలో ఉన్నారు, విగ్రహంలో లేరు

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పల్లెల్లో పెరిగిన నా వంటివారికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మొదట పాఠ్యపుస్తకంలో పరిచయం కాలేదు. వీధిలో తిరిపమెత్తుకుంటూ పాడేవారి పాటలో పరిచయమయ్యాడు. 2019లో సినిమా వచ్చాక ఆయన పేరు దేశమంతటికీ చేరింది. ఆ పాటను తరతరాలుగా మోసినవారి పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

1846 జూలైలో, నాటి కడప జిల్లాలోని కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. ఒక పాలెగాడి తవర్జీ తగవే కారణమైతే అన్ని కులాలవారు ఆయన వెంట ఎందుకు నడుస్తారు? ఊరికి కావలి కాసే కట్టుబడుల ఇనాం భూములను కంపెనీ సర్కారు లాక్కుంది. వారికి ఆ భూమే కూడు. వడ్డె ఓబన్న, బోయలు, చెంచులు కత్తి పట్టింది అందుకే. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని ఉరితీసి, 1877 దాకా ఆయన తలను కోయిలకుంట్ల కోటకు వేలాడదీశారు. ఆ భయానికి జవాబు చెప్పింది పండితుల కావ్యం కాదు, భిక్షుకుల గొంతు.

సర్కారు పగ అంతటితో తీరలేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేసినప్పుడు వడ్డెర, ఎరుకల సమూహాలపై పుట్టుకతోనే దొంగలన్న ముద్ర పడింది. చట్టం 1952లో రద్దయింది. ఆ అనుమానపు చూపు రద్దయిందా?

పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా ఫ్యాక్షన్ కథ చెప్పే తీరూ ఇదే. నాయకుడి కులం వీరగాథ అవుతుంది. అతని కోసం చచ్చినవాడి కులం, పేరు, పిల్లల గతి లెక్కలోకి రావు. నాయకుడి శౌర్యాన్ని నేను కాదనడం లేదు. ఆ శౌర్యాన్ని ఒక కులపు సొత్తుగా మార్చడాన్నే ప్రశ్నిస్తున్నాను.

తాళపత్రాలు సేకరించిన కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్ పేరిట కడపలో భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఉండదగినదే. కంపెనీని ఎదిరించిన కథను నిలబెట్టిన గొంతులకూ అక్కడ ఒక గది కావాలి. మిగిలిన గాయకుల పాటలను వారి పేరు, ఊరు, కులంతో సహా నమోదు చేయాలి. వారికి గౌరవ వేతనం ఇవ్వాలి. విగ్రహం పెట్టే ప్రతిచోటా కట్టుబడుల పేర్లు చెక్కాలి. పాట వారిని మరువలేదు. మరిచింది మనమే.