టెన్త్ అయ్యాక ఒక్కటే దారా?

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన సాయంత్రమే నాన్న ఎంపీసీకి అడ్వాన్స్ కట్టేశారు. పాత రేడియోలు విప్పడమంటే నాకు పిచ్చి. అయినా నోరు విప్పలేదు. పక్కింటి ఫ్రెండ్ పాలిసెట్ రాసి 3 ఏళ్ల డిప్లొమా, ఈసీఈలో చేరాడు. ‘అయ్యో, ఇంజినీరింగ్ పోయినట్టే’ అన్నారంతా.

ఇంటర్ 2 ఏళ్లు హాస్టల్లో స్టడీ అవర్లే. స్క్రూడ్రైవర్ ముట్టింది లేదు. తీరా బీటెక్ ఈసీఈ సెకండియర్‌కి వచ్చేసరికి నా పక్క బెంచీలో వాడే! ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరాడు. ల్యాబ్‌లో నేను తడబడుతుంటే వాడు సర్క్యూట్ పూర్తిచేసేవాడు.

లెక్కలు ఇష్టమైతే ఎంపీసీ హాయిగా తీసుకోండి. కాకపోతే ఫీజు కట్టకముందే ఇంట్లో చెప్పండి: ‘నాన్నా, నాకు ఇదిష్టం.’ ఆ రోజు నేను ఆ మాట అనలేకపోయాను.