సెన్సార్‌కి కనబడని తీగ

మొన్న ఓ డ్రోన్ రివ్యూ కోసం మా మేడ మీద టెస్ట్ చేస్తున్నా. అన్ని వైపులా సెన్సార్లున్న మోడల్. గోడ దగ్గర ఆగింది, వాటర్ ట్యాంక్ దగ్గర ఆగింది, కొబ్బరి చెట్టుని తప్పించుకుంది. వీధికి అడ్డంగా వెళ్తున్న కేబుల్ వైరు మాత్రం దానికి కనబడలేదు. తగిలి కింద పడింది. మాన్యువల్ తీసి చూస్తే, సన్నని తీగల దగ్గర సెన్సార్లని నమ్ముకోవద్దని అందులోనే ఉంది.

నాకు పోయింది డబ్బే. 2025 మే 8న ఉత్తరకాశీ జిల్లా గంగ్నానీ దగ్గర యాత్రికులతో వెళ్తున్న బెల్ 407 హెలికాప్టర్ కూలి ఆరుగురు ప్రాణాలు పోయాయి. దర్యాప్తు సంస్థ ఏఏఐబీ ప్రాథమిక నివేదిక ప్రకారం, పైలట్ గంగోత్రి రోడ్డు మీద దిగడానికి ప్రయత్నిస్తుండగా హెలికాప్టర్ ప్రధాన రెక్క ఫైబర్ కేబుల్‌కి తగిలింది. మనకి నెట్ మోసుకొచ్చే లాంటి కేబులే.

తక్కువ ఎత్తులో ఎగరడంలో అసలు ప్రమాదం టైం లేకపోవడమే. 120 నాట్ల వేగం అంటే సెకనుకి సుమారు 60 మీటర్లు. తీగ 200 మీటర్ల దూరంలో కనబడితే, పైలట్ చేతిలో ఉండేది మూడు సెకన్లు. మన ఫోన్‌లో కెమెరా ఓపెన్ చేసి ఫోకస్ చేసేంత సేపు! ఇంజిన్ ఆగినా అంతే. రెక్కల్ని గాలి విసురుతో తిప్పుకుంటూ మెల్లగా దిగాలంటే చేతిలో ఎత్తు ఉండాలి.

మరి గాడ్జెట్లు లేవా? ఉన్నాయి. ముక్కు మీద తీగల్ని కోసే కత్తి పెడతారు. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. కానీ తీగ రెక్కకి తగిలితే అది చేసేదేమీ లేదు. కొండ దగ్గరపడితే అరిచే టెర్రైన్ వార్నింగ్ సిస్టమ్ ఉంది. అయితే డేటాబేస్‌లో లేని తీగ సంగతి దానికి తెలీదు. పైగా కిందుగా ఎగురుతున్నంత సేపూ అది మోగుతూనే ఉంటే, మనం నోటిఫికేషన్లు మ్యూట్ చేసినట్టే పైలట్లూ చేసేస్తారు.

2020 జనవరి 26న కోబీ బ్రయంట్‌తో సహా తొమ్మిది మంది చనిపోయిన హెలికాప్టర్‌లో ఆ సిస్టమ్ లేదు. ఉంటే బతికేవారా? నాకు నమ్మకం లేదు. మబ్బుల కింద రోడ్డు వెంట కిందుగా వెళ్తూ, చివరికి మబ్బుల్లోకి దూరాక పైలట్‌కి దిక్కు తెలియలేదు. పైకి వెళ్తున్నానని కంట్రోలర్‌కి చెబుతున్నప్పుడే హెలికాప్టర్ కిందికి దిగుతోంది.

గాడ్జెట్లంటే పడిచచ్చే నేనే చెప్తున్నా: ప్యాసింజర్లని ఎక్కించుకునే ప్రతి హెలికాప్టర్‌లో ఈ వార్నింగ్ సిస్టమ్ ఉండాలి. హెలికాప్టర్లు తిరిగే లోయల్లో కేబుల్ వేసేవాళ్లు అది ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో డిజిటల్ మ్యాప్‌లోకి ఎక్కించాలి, తీగకి రంగు బంతులు కట్టాలి. ఫుడ్ డెలివరీ అబ్బాయి ఏ సందులో ఉన్నాడో చూపించగలిగే రోజుల్లో ఇది పెద్ద పనేం కాదు.

అన్నిటికంటే ముఖ్యం, మబ్బు పట్టిందని పైలట్ వెనక్కి తిప్పితే టికెట్ కొన్నవాళ్లు గొడవ పెట్టుకోకూడదు. ఆ నిర్ణయం తీసుకునే సెన్సార్ ఇంకా మార్కెట్లోకి రాలేదు ఫ్రెండ్స్. రేపు మీ అమ్మానాన్నలకి యాత్ర టికెట్ బుక్ చేసేది మీరే కదా. ఆ మాట వాళ్లకి ముందే చెప్పి పంపండి.