రెండు దీపాల వెలుగు కలిస్తే...



బి.కాం. చదివి, బ్యాంకులో జమాఖర్చులు చూసుకునే మనిషికి వెలుగు సంగతులెందుకని కొందరికి అనిపించవచ్చు. వారికి ముందుగా ఒక మాట. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ గారు 1907లో కలకత్తాలో చేరింది ఆర్థిక శాఖ ఉద్యోగంలోనే. పగలు ఆఫీసు లెక్కలు చూసుకుని, మిగిలిన వేళల్లో బౌబజారులోని సైన్సు సంఘంలో పరిశోధనలు చేసేవారు. కాబట్టి లెక్కలవాళ్ళకూ వెలుగు గురించి అడిగే హక్కు ఉంది!

ఈసారి ప్రశ్న నాది కాదు, కోవిల్‌పట్టిలో ప్లస్ టూ చదువుతున్న మా తమ్ముడి కూతురిది. పంగుని పొంగలికి అందరం విరుదునగరంలో మా బావగారింటికి వెళ్ళాం. పరాశక్తి మారియమ్మ గుడి దగ్గర సీరియల్ లైట్లు చూస్తూ ఆ పిల్ల అడిగింది: "పెదనాయనా! రెండు వెలుగులు కలిస్తే కొన్నిచోట్ల చీకటి కూడా ఏర్పడుతుందని మా పుస్తకంలో ఉంది. ఇక్కడ ఇన్ని ఎల్.ఇ.డి.లు పక్కపక్కనే ఉన్నాయి కదా, ఒక్క చీకటి చారైనా కనపడదేం?"

బడిలో అడిగితే, "వేరువేరు దీపాల మధ్య ఇంటర్‌ఫియరెన్స్ జరగదు. అలా రాస్తే మార్కులు వస్తాయి" అన్నారట. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మా బావగారు అది విని, "జరగదనడం వేరమ్మా, కనపడదనడం వేరు" అన్నారు. ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు మీకూ చెబుతాను.

మనవైపు కణ్మాయి అనే చెరువులో ఒకేసారి రెండు రాళ్ళు వేయండి. రెండు అలలు ఎదురైనచోట పైకెత్తు పైకెత్తుతో కలిస్తే అల పెద్దదవుతుంది, పైకెత్తు పల్లంతో కలిస్తే నీరు నిలకడగా ఉండిపోతుంది. వెలుగు కూడా అల వంటిదే గనుక దానికీ ఇదే సూత్రం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్నే వ్యతికరణం అంటారు. అయితే చారలు కంటికి నిలవాలంటే రెండు అలలూ అడుగు తప్పకుండా నడవాలి. అలా నడిచే దీపాలకు సంబద్ధ జనకాలని పేరు.

ఎల్.ఇ.డి.లో ఆ క్రమశిక్షణ ఉండదు. అగ్గిపెట్టెల ఊరు కోవిల్‌పట్టి వారికి ఇలా చెబితే సులువుగా తెలుస్తుంది: వందమంది ఎవరికి తోచినప్పుడు వారు పుల్ల గీసినట్టు, దానిలో వెలుగు తునకలు తునకలుగా పుడుతుంది. మామూలు ఎర్ర ఎల్.ఇ.డి. తరంగదైర్ఘ్యం సుమారు 630 నానోమీటర్లు, దానిలో ఓ 20 నానోమీటర్ల అటూఇటూ ఉంటుంది. లెక్క కడితే, ఆ అల అడుగు తప్పకుండా నడిచేది సుమారు 20 మైక్రాన్ల దూరమే. తలవెంట్రుక మందం కూడా లేదు! కాలంలో చెబితే, సెకనులో పది లక్షల కోట్లవ వంతు కన్నా తక్కువ.

అంటే రెండు ఎల్.ఇ.డి.ల వెలుగు కలిసినచోట ఆ క్షణానికి చారలు ఏర్పడుతూనే ఉంటాయి. మరుక్షణం అవి వేరేచోటికి జరిగిపోతాయి. కన్ను వాటన్నిటి సగటునే చూస్తుంది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, రోజంతా ఒక ఖాతాలో వెయ్యి జమలు, వెయ్యి ఖర్చులు జరిగి సరికి సరి అయిపోతే, సాయంత్రం నిల్వలో మార్పేమీ కనపడదు. అంతమాత్రాన లావాదేవీలే జరగలేదని ఏ ఆడిటరైనా రాస్తాడా?

ఇది ఊహ మాత్రమే కాదు. లేజర్ వెలుగు చాలా ఎక్కువసేపు అడుగు తప్పదు. 1963లో లండన్‌లో మాగ్యార్, మాండెల్ అనే ఇద్దరు రెండు వేరువేరు రూబీ లేజర్ల వెలుగును కలిపి, అతి తక్కువ వ్యవధిలో ఫోటో తీస్తే చారలు చక్కగా పడ్డాయి. అంతకుముందే, 1956లో, హాన్‌బరీ బ్రౌన్, ట్విస్ అనే శాస్త్రజ్ఞులు సిరియస్ నక్షత్రం వెలుగును రెండు దూరదూరపు అద్దాలతో పట్టి, రెండుచోట్లా వెలుగు హెచ్చుతగ్గులు కలిసే వస్తున్నాయని చూపించారు. నక్షత్రంలోని అణువులు ఎవరికి వారే వెలిగేవి కదా! అందుకే మొదట్లో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా నమ్మలేదు. ఈ హాన్‌బరీ బ్రౌన్ 1916లో పుట్టింది మన నీలగిరి కొండల్లోని అరవంకాడులో!

ఇంతకూ ఇదంతా ఎందుకంటే, ఆ పిల్లకు బి.ఎస్సీ. ఫిజిక్స్ చదవాలని ఉంది. మా తమ్ముడేమో బి.కాం. చేర్పించి, బ్యాంకు పరీక్షలు రాయించాలంటాడు. నన్నే నచ్చజెప్పమన్నాడు. నాకు అన్నం పెట్టిన చదువును నేను తక్కువ చేయను. కానీ గుడి దీపాలు చూసి ఈ ప్రశ్న అడిగిన పిల్లను ఫిజిక్స్‌కు దూరం చేయమని ఎలా చెప్పేది? "చేర్పించరా తమ్ముడూ, ఫీజులో సగం నేను కడతాను" అన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాడు.

మీ ఇంట్లోనూ ఓ పరీక్ష చేయవచ్చు. చిన్న గాజు ముక్కకు కొవ్వొత్తి మసి పట్టించండి. రెండు బ్లేళ్ళు జతచేసి, దానిమీద ఒక గీత గీయండి. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి. చీకటి గదిలో అయిదు మీటర్ల దూరంలో ఒక చిన్న ఎర్ర ఎల్.ఇ.డి. వెలిగించి, గాజును కంటి దగ్గర పెట్టుకుని ఆ జంట గీతల్లోంచి చూస్తే, ఎరుపూ నలుపూ చారలు కనిపిస్తాయి. ఒకే దీపం వెలుగు రెండుగా చీలి మళ్ళీ కలిసింది గనుక అడుగు తప్పలేదన్నమాట. పక్కనే రెండో ఎల్.ఇ.డి. పెట్టండి. ఏ దీపం చారలు దానివే గాని, రెండూ కలిసి కొత్త చారలు వేయవు. ఎందుకో మీ పిల్లల్ని అడగండి. "జరగదు" అంటారో, "కనపడదు" అంటారో నాకు రాయండి.

వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకుందాం.