రంగులేయించే ముందు ఆ గొట్టం సంగతి చూడండి

కావలిలో ఏ వీధిలోనైనా నిలబడి ఒకసారి తలెత్తి చూడండి. సంక్రాంతికి వేయించిన రంగు మెరిసిపోతుంటుంది. డాబా మీది వాననీళ్ళు దిగే పివిసి గొట్టం మాత్రం ఒక క్లాంపు ఊడి, ఇంకోటి తుప్పు పట్టి, మధ్యలో ఎవరో చుట్టిన కరెంటు వైరు ముక్క మీద వేలాడుతుంటుంది. పెయింటరు ఆ వైరుకు కూడా రంగేసి పోయుంటాడు!

మా ఇల్లూ అట్లాగే ఉండేది. రెండేళ్ళు చెప్పాను. "ఇంటి లోపలి సంగతి నువ్వు చూసుకో, బయటి పనులు నేను చూస్తాలే" అన్నారు మా ఆయన. ఆయన చూడటం అంటే తాపీమేస్త్రిని పిలవడం. మేస్త్రి వచ్చి, వదులైన మేకు చుట్టూ ఇంత సిమెంటు మెత్తి, "ఇంక పదేళ్ళు చూడక్కర్లేదమ్మా" అని డబ్బులు తీసుకుని వెళ్ళాడు. అది ఒక్క వానాకాలం కూడా ఆగలేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు రాత్రంతా ఆ గొట్టం గోడకేసి కొట్టుకుంటూనే ఉంది. తెల్లారి చూస్తే రెండు నిలువుల గొట్టం, దాంతోపాటు పళ్ళెమంత పెచ్చు, తులసికోట పక్కన పడి ఉన్నాయి. మా అత్తమ్మ రోజూ అయిదింటికి చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడే చోటు అది. వాన వల్ల ఆ పూట బయటికి రాలేదు, అంతే. అటక మీద ఆ గోడకు ఆనించి పెట్టిన నా బి.ఏ. తెలుగు నోట్సు ముద్దయిపోయింది. దాని గురించి ఇక్కడ ఏడవను, ఇంట్లో చాలినంత ఏడ్చాను.

అప్పుడు కూడా ఇంట్లో అందరూ తుఫాన్నే తిట్టారు. నేను ఒప్పుకోను. ఊడి పడిన మేకులు ఏరి చూశాను. ఒక్కటి కూడా ఇటుకలోకి దిగలేదు. పైపూత మందం అర అంగుళం, కాస్త అటూ ఇటూ. ఆ పూతలోనే మేకు దించి, నీళ్ళతో నిండిన గొట్టాన్ని మొయ్యమంటే ఎట్లా మోస్తుంది? పైగా మనది ఉప్పుగాలి. ఇనపమేకు తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న పూతను పగలగొడుతుంది. గొట్టం ఊగి ఊగి అతుకు వదులవుతుంది, అతుకులోంచి కారిన నీళ్ళు పూత వెనక్కి చేరతాయి. వేలితో తట్టితే డొల్లగా మోగుతుంది. ఆ డొల్ల మీదే మనం వేలకు వేలు పోసి రంగు వేయిస్తాం.

ఇంకో మాట కూడా చెప్పాలి, కోపం రావచ్చు. నీళ్ళు ఈశాన్యం నుంచే పోవాలని పట్టుబట్టి, గొట్టాన్ని గోడ పొడుగునా అడ్డంగా తిప్పిన ఇళ్ళు మా వీధిలోనే మూడున్నాయి. వాస్తు జోలికి నేను పోను. కానీ మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానా గాలీ వచ్చేది ఈశాన్యం నుంచే గదా! ఆ మూల పెట్టుకున్న గొట్టాన్ని మిగతావాటికన్నా రెండింతలు గట్టిగా బిగించాలా, వద్దా? పూజ చేయించిన వాళ్ళు ఒక క్లాంపు ఎక్కువ వేయించలేదు.

ఈసారి పని నేనే దగ్గరుండి చేయించాను. డొల్లగా మోగిన పూతంతా కొట్టించేశాను. పాత రంధ్రాల్లో మళ్ళీ దిగ్గొట్టనివ్వలేదు, రెండంగుళాలు పక్కకు జరిపించాను. పూత వరకు డ్రిల్లును సుత్తి దెబ్బ లేకుండా తిప్పమన్నాను, లేకపోతే పూత చిట్లుతుంది. ఇటుక తగిలాక దెబ్బతో. ప్లాస్టిక్ ప్లగ్గు పూత దాటి పూర్తిగా ఇటుకలో కూర్చోవాలి, దాంట్లోకి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ. ప్రతి అతుకు కింద ఒక క్లాంపు, మధ్యలో మీటరుకు ఒకటి. ఎండకు గొట్టం సాగుతుంది కాబట్టి మధ్య క్లాంపుల్ని మరీ ఊపిరాడకుండా బిగించకూడదు. "ఇదంతా మీకెందుకమ్మా" అన్నాడు పనిచేసే అబ్బాయి. నిచ్చెన పట్టుకుని నిలబడింది నేనే నాయనా, నాక్కాక ఇంకెవరికి అన్నాను.

క్లాంపులూ స్క్రూలూ ప్లగ్గులూ కలిపి 600 రూపాయలు దాటలేదు. అంతకుముందు ఏడాది రంగుకు పోసింది 40,000. మా ఆయనకు ఈ రెండంకెలూ ఒకే కాగితం మీద రాసి చూపించాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, మాట్లాడలేదు.

నిన్న ఎదురింటి వదిన పిలిచి, కొత్త రంగు ఎట్లా ఉందో చెప్పమంది. లేత పసుపు, బాగానే ఉంది. తలెత్తి చూస్తే గొట్టానికి చుట్టిన వైరు ముక్క కూడా లేత పసుపే. అక్టోబరు ఇంకా రెండు నెలలుంది, మా డ్రిల్లింగ్ మిషన్ ఇస్తాను వదినా అని చెప్పి వచ్చాను.