నోటరీ ఇంటికి రెపో రేటు అందదు

రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా నాలుగు విడతల్లో రెపో రేటును 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. అప్పటి నుంచి లాల్‌దర్వాజా, గౌలిపుర, ఉప్పుగూడల్లో ఎవరిని కదిపినా ఒకటే ప్రశ్న: ఇల్లు కొనడానికి ఇదే అదనా? వడ్డీ సంగతి తర్వాత, అమ్మేవాడి దగ్గర ఏ కాగితం ఉందో ముందు చూడండి అంటాను. చాలామందికి ఈ జవాబు రుచించదు.

మన హైదరాబాదు పాతబస్తీలో ఇళ్లు రెండు రకాలు. రిజిస్ట్రీ ఇల్లు, నోటరీ ఇల్లు. రెండోదానికి స్టాంపు పేపరు మీద రాత, ఇద్దరు సాక్షుల సంతకాలు, నోటరీ ముద్ర ఉంటాయి. పైకం చేతులు మారుతుంది, ఎవరూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కరు. ఈమధ్య ఒకరు అలాంటి కాగితం చూపించారు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించారు. తూర్పు హద్దు ఫలానావారి ఇల్లు, పడమర గల్లీ అని రాసుంది. ఆ ఫలానావారు ఎప్పుడో అమ్ముకుని వెళ్లిపోయారు. కరెంటు మీటరు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రశీదు అన్నీ ఈయన పేరు మీదే ఉన్నాయి. హక్కు మాత్రం లేదు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైతేనే చెల్లుతుందని చట్టం. అందుకే అలాంటి ఇంటి మీద బ్యాంకు అప్పివ్వదు.

జనం తెలియక ఇలా చేశారనుకుంటే పొరపాటు. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ఫీజులు కలిపి 7.5 శాతం దాకా కట్టాలి. నలభై గజాల ఇంటికి ఆరుగురు వారసులుంటే అందరినీ ఒకరోజు ఒకచోట చేర్చడం పెళ్లి చేసినంత పని. కొన్నిచోట్ల వక్ఫ్ పేచీ, కొన్నిచోట్ల నోటిమాటగా ఇచ్చిన హిబా (దానం). నోటరీ అయితే సాయంత్రానికల్లా పని అయిపోతుంది, ధర కూడా తక్కువ.

ఆ తక్కువ ధర ఎక్కడ తిరిగి వసూలవుతుందో చూడండి. ఐదు లక్షలు తక్కువపడితే బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి. నెలకు పదివేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అదే ఐదు లక్షలు బ్యాంకులో ఏడున్నర శాతానికి, 20 ఏళ్లకు తీసుకుంటే అసలుతో కలిపి నెలకు 4,028 రూపాయలు. రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు రేటు తగ్గించినా ఆ రెండు రూపాయల వడ్డీలో పైసా తగ్గదు.

2023లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 84 తెచ్చి, 125 గజాల లోపు నోటరీ ఇళ్లను స్టాంపు డ్యూటీ లేకుండా క్రమబద్ధం చేస్తామంది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ‘జీవో వచ్చేసింది, రెగ్యులర్ అయిపోతుంది’ అని బ్రోకరు చెప్పే మాట మీద ఇల్లు కొనకండి.

ఇప్పటికే బ్యాంకు అప్పున్నవాళ్ల సంగతి వేరు. మీ అప్పు 2019 అక్టోబరుకు ముందుదైతే అది రెపోకు ముడిపడి ఉండకపోవచ్చు, తగ్గింపు మీ దాకా వచ్చి ఉండకపోవచ్చు. బ్యాంకుకు వెళ్లి రెపో పద్ధతికి మార్చమని అడగండి, దానికి కొంత ఫీజు ఉంటుంది. వేరే బ్యాంకుకు మార్చుకోవడం రెండో మార్గం. ఫ్లోటింగ్ రేటు ఇంటి అప్పును ముందే తీర్చేస్తే జరిమానా లేదు. కానీ కొత్త బ్యాంకు వకీలు మీ లింకు డాక్యుమెంట్లన్నీ మళ్లీ తిరగేస్తాడు. పదేళ్ల కిందట ఒక వకీలు సరేనన్న కాగితాన్ని ఈయన కాదనవచ్చు. మన గల్లీల్లో అది మామూలే. అందుకని మొదటి బేరం సొంత బ్యాంకుతోనే ఆడాలి.

రేటు తగ్గింది కదా అని ఈఎంఐ తగ్గించుకోకండి. 30 లక్షలు, 20 ఏళ్లు, 8.75 శాతానికి ఈఎంఐ 26,511. రేటు ఏడున్నరకు దిగినా అంతే కడుతూ పోతే అప్పు దాదాపు మూడున్నరేళ్లు ముందే తీరుతుంది. 2022-23లో రేట్లు పెరిగినప్పుడు ఈఎంఐ మార్చకుండా గడువు సాగదీసిన బ్యాంకులున్నాయి. మీ స్టేట్‌మెంటులో ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో ఒకసారి చూసుకోండి.

ఇక మెట్రో కింద ఇల్లు పోయినవాళ్లు. ఎంజీబీఎస్-చాంద్రాయణగుట్ట మార్గానికి గజానికి 81,000 లెక్కన పరిహారం ఖరారైంది, 2025 జనవరిలో తొలి చెక్కులిచ్చారు. యాభై గజాలు పోతే 40 లక్షల 50 వేలు. ఇంత పైకం ఒక్కసారి చేతికొస్తే అప్పు లేకుండా నోటరీ ఇల్లు కొనేయాలనిపిస్తుంది. పరిహారం కోసం మీరే ఎన్ని పత్రాలు చూపాల్సి వచ్చిందో గుర్తుచేసుకోండి. కొంత అప్పు చేసైనా సరే, రిజిస్ట్రీ ఇల్లే కొనండి.

ఏ ఇల్లయినా ముందు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. నోటరీ అమ్మకం ఈసీలో కనబడదు, అదే ఇంటిని ఇద్దరికి అమ్మినా మీకు తెలియదు. ఈసీలో ఉన్న పేరూ అమ్మేవాడి పేరూ కలవకపోతే, ఎంత చవకైనా, రేటు ఇంకో పావు శాతం తగ్గినా, బయానా ఇవ్వకండి.

— గౌలిపుర వాసి