మైనస్ ఎనిమిది అంటే ఏమిటో చెప్పండి

కోడ్ రాసే మిత్రులారా,

పాత ల్యాప్‌టాప్‌లో ఎవరో మన ప్రోగ్రామ్ తెరిచారు. విండో ఒక్క క్షణం మెరిసి మాయమైంది. టెర్మినల్‌లో మిగిలింది ఒకే అంకె: -8. వల్కన్ అనే గ్రాఫిక్స్ ఏపీఐ తెలిసినవాళ్లకి అది అర్థమవుతుంది, అడిగిన ఫీచర్ ఈ పరికరంలో లేదని. -7 అయితే ఎక్స్‌టెన్షన్ లేదు, -9 అయితే డ్రైవర్ పొసగలేదు. మరి తెరిచినవాళ్లకి? నాడి పట్టుకున్న వైద్యుడు "ఎనిమిది" అని లేచి వెళ్లిపోతే రోగి ఏం చేసుకోవాలి?

ఏ ఫీచర్ లేదో ఆ అంకె చెప్పదు, నిజమే. కానీ ముందుగా అడిగితే జామెట్రీ షేడర్ ఉందా, టెస్సలేషన్ ఉందా అని ఒక్కోదానికీ డ్రైవర్ అవుననో కాదనో జవాబిస్తుంది. ఆ జవాబు చేతిలో పెట్టుకుని నోరు మెదపకపోతే దాన్ని బద్ధకం అనక ఏమనాలి?

గోడాట్ గేమ్ ఇంజిన్‌నే చూడండి. వల్కన్ దొరక్కపోతే డ్రైవర్ అప్‌డేట్ చేసుకోమంటుంది, కుదరకపోతే పాత ఏపీఐ ఓపెన్‌జీఎల్‌తో తెరవడానికి ఏ ఆదేశం ఇవ్వాలో కూడా చూపిస్తుంది. ఇంటెల్ పాత ఐవీ బ్రిడ్జ్ చిప్‌ల మీద మెసా గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రం వల్కన్ మద్దతు అసంపూర్ణమని హెచ్చరించి ఊరుకుంటుంది. నిజాయతీకి నూటికి నూరు, ఉపయోగానికి పాస్ మార్కులే.

కొత్త ఫీచర్లు అడగొద్దని నేననను. 2023లో 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 4.0 విండోస్, లినక్స్‌ల మీద ఓపెన్‌జీఎల్ 3.3 నుంచి 4.3కి వెళ్లింది, వెళ్లాలి కూడా. అయితే గడప ఎత్తు పెంచినప్పుడల్లా బయట ఆగిపోయేవాళ్లుంటారు. ఏం కావాలి, మీ దగ్గర ఏం ఉంది, ఇప్పుడేం చేయొచ్చు అన్న మూడు మాటలైనా వాళ్లకు బాకీ పడతాం.

"ఉచితంగా చేస్తున్నాం కదా" అంటారా? "పని చేయట్లేదు" అని వచ్చే ప్రతి బగ్ రిపోర్ట్‌కీ జవాబు రాసేది కూడా మనమే, అదీ ఉచితంగానే!

ఇంకొక్క మాట. సందేశాన్ని ముక్కలుగా అతికించకండి, పూర్తి వాక్యంగా రాయండి. తెలుగులో క్రియ చివరికి పోతుంది. "ఫీచర్ లేదు" అన్న రెండు మాటల మధ్య మీరు ఇంగ్లిష్ వరుసలో పేర్లు కుక్కితే, అనువాదకులు తల పట్టుకోవాల్సిందే.

ఈ ఆదివారం ఒక్క గంట కేటాయిద్దాం. మీ ప్రాజెక్టులో రిటర్న్ కోడ్‌ని యథాతథంగా అచ్చు వేసే లైన్ ఎక్కడుందో వెతకండి. దొరికాక దాని పక్కన మనిషికి అర్థమయ్యే వాక్యం రాసి, పాచ్ పంపండి. రివ్యూకి నేను కూర్చుంటాను.